ఆరు అట్టపెట్టెల ఎన్నిక

గురువారం పొద్దున ఏడు గంటలకు దిలావర్ చాయ్ తాగుతుంటే సాబేరా అతని ముందు ఒక కాగితం పెట్టింది. అందులో అరవై కుటుంబాల పేర్లున్నాయి. పేర్ల కింద బియ్యం ఎన్ని కిలోలు, మాంసం ఎన్ని కిలోలు అని రాసి ఉంది. అన్నిటికన్నా కింద, "ఖుష్బూ పుట్టినరోజు, రేపు, జుమ్మా తర్వాత" అని ఉంది.

"ఖుష్బూ పుట్టింది నవంబర్‌లో గదా," అన్నాడు దిలావర్.

"పుట్టింది నవంబర్‌లోనే. పాస్‌పోర్టులో ఏముంది? ఏప్రిల్ పదిహేడు. మా అన్న మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి రాయించుకోనొచ్చిన తారీఖు. రేపు ఏప్రిల్ పదిహేడు. సర్కారు రాసిచ్చిన పుట్టినరోజు మనం చేస్తే తప్పెట్లయితాది?"

దిలావర్ గ్లాసు కింద పెట్టాడు. ఆ తారీఖు ఇన్నేళ్లుగా నివాస అనుమతి కోసం నింపే ఇకామా ఫారాల్లో రాయడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. మొదటిసారి పనికొచ్చేట్టుంది.

సంగతి ఇదీ. దిలావర్‌ది ప్రొద్దుటూరు. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక ఏసీల కంపెనీలో స్టోర్‌కీపర్. అక్కడే థుక్బాలో రెండు గదుల ఫ్లాటు, భార్య, నాలుగో తరగతి చదివే కూతురు. ఈ ఏడు బడి తెరవగానే వాళ్ల వీధికి వచ్చే బడి బస్సు ఆపేశారు. ఏడుగురు పిల్లల కోసం అంత దూరం తిప్పలేమన్నారు. ప్రైవేటు వ్యాన్లలో సీట్లు లేవు. సాబేరా కారు నేర్చుకుంటానని డ్రైవింగ్ స్కూల్లో పేరిస్తే ఆగస్టులో రమ్మన్నారు. కాబట్టి రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు దిలావర్ స్టోర్‌కు తాళం వేసి, పిల్లను బడి నుంచి ఇంటికి చేర్చి, మళ్లీ పరుగున వచ్చేవాడు.

ఆ తాళాన్ని సూపర్‌వైజర్ కాషిఫ్ రెండుసార్లు చూశాడు. ఆయన పాకిస్తానీ, మనసు మంచిదే. మూడోసారి చెప్పేశాడు. "భాయ్, ఈ నెలాఖరు దాకా నేను కళ్లు మూసుకుంటా. ఆ తర్వాత తాళం కనబడితే ముదీర్ నౌకరీ సే నికాల్ దేగా." మేనేజరు ఉద్యోగంలోంచి తీసేస్తాడన్నమాట.

నెలాఖరుకు ఇంకా పద్నాలుగు రోజులే ఉన్నాయి. అప్పటికి బస్సు రాకపోతే సాబేరా, ఖుష్బూ ప్రొద్దుటూరు వెళ్లిపోవాలి. దిలావర్ ఒక్కడే ఏ బ్యాచిలర్ గదిలోనో మంచం వేసుకోవాలి. అందుకే బడి కమిటీలో తల్లిదండ్రుల తరపు సీటు ఒకటి ఖాళీ పడగానే సాబేరా అతని చేత నామినేషన్ వేయించింది. కమిటీలో కూర్చున్నవాడు బస్సు అడిగితే కాదనరు, బయట నిలబడి అడిగితే వినరు. బీకాం పట్టా ఎందుకూ పనికిరాలేదని అతను ఇరవై ఏళ్లు బాధపడ్డాడు. నామినేషన్‌కు పనికొచ్చింది.

పోటీలో ఉన్నది ఇద్దరే. రెండో ఆయన విశ్వనాథం గారు, కాకినాడ వైపు మనిషి, పెద్ద ఇంజనీరు. ఖోబర్‌లో ఆయనను ఎరగని తెలుగువాళ్లు లేరు. పండగ సభల్లో మైకు ఆయన చేతికే వస్తుంది. దిలావర్‌ను ఎరిగినవి అతని స్టోర్‌లోని కంప్రెసర్లు మాత్రమే. నలుగురిని పిలిచి మాట్లాడుకుందామంటే బడివాళ్ల నియమం అడ్డం ఉంది. ప్రచార సభలు పెట్టకూడదు. ఓటు కోసం విందు ఇస్తే పోటీ నుంచి తీసేస్తారు. శనివారం పోలింగు.

"పుట్టినరోజుకు పిల్చి అన్నం పెడ్తే అది విందు కాదు," అంది సాబేరా. "ఓటు మాట ఎత్తనే ఎత్తం. నువ్వు బస్సు గురించి రెండు మాటలు మాట్లాడు. తండ్రి బాధ తండ్రి చెప్పుకున్నెట్లుంటాది. తిన్నోళ్లు వాళ్లే అర్థం చేసుకుంటారు."

"నాకు మాట్లాడేదానికి రాదు గదా."

"కాగితం మీద రాసిస్తా. సదువు. ఇంకో మాట. బుచ్చన్నకు చెప్పాకు. ఆయప్ప కడుపులో మాట నిలవదు."

దిలావర్ కాషిఫ్‌కు ఫోన్ చేసి రెండు రోజులు సెలవడిగాడు. ఎందుకని ఆయన అడిగితే, "ఇంట్లో పనుంది భాయ్, సామాన్లు సర్దేది ఉంది," అన్నాడు. అది నిజమే. ఇస్తిరాహాకు చేర్చాల్సిన సామాను చాలా ఉంది. ఇస్తిరాహా అంటే ఊరి చివర చుట్టూ గోడ కట్టి, లోపల హాలు, కాస్త గడ్డి, పిల్లలకు ఉయ్యాల పెట్టి అద్దెకిచ్చే చోటు. అక్కడ వంటవాడు దొరుకుతాడు కానీ ప్లేట్లు, గ్లాసులు, నీళ్ల సీసాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

వాటిని మోయడానికి దిలావర్ వీధి చివర నవాజ్ బకాలాకు, అంటే కిరాణా కొట్టుకు, వెళ్లి ఆరు పెద్ద అట్టపెట్టెలు, ఒక తాళ్ల చుట్ట తెచ్చాడు. లిఫ్టు పనిచేయడం లేదు. రెండు రెండుగా మూడో అంతస్తుకు మోశాడు.

మొదటి అంతస్తులో బుచ్చన్న తలుపు తెరిచే ఉంది. బుచ్చన్నది జగిత్యాల దగ్గర పల్లె, ట్రైలర్ డ్రైవరు, పాతికేళ్ల సర్వీసు. ఆయన దగ్గర ఒక కొక్కెం కాటా ఉంది. ఖోబర్ నుంచి ఊరికి పోయిన తెలుగువాళ్ల పెట్టెలన్నీ ఒకసారి ఆ కొక్కేనికి వేలాడినవే. తాళ్లు, అట్టపెట్టెలు కలిసి మెట్లెక్కడం చూస్తే ఆయనకు వేరే ఏదీ తోచదు.

"ఏంది తమ్మీ, గిన్ని పెట్టెలు? ఏడికన్న పోతున్నవా?"

దిలావర్‌కు సాబేరా మాట గుర్తొచ్చింది. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. కాబట్టి నిజంలో కొంచెం మాత్రం చెప్పాడు. "బుచ్చన్నా, ఇప్పుడేమీ అడగాకు. రేపు జుమ్మా తర్వాత ఇస్తిరాహాకు రా. అందరూ వస్తాండారు. అప్పుడు తెలుస్తాది."

"నా దగ్గర గూడ దాస్తవా?"

"సాబేరా చెప్పొద్దనింది."

అతను పైకి వెళ్లిపోయాడు. బుచ్చన్న చాలాసేపు మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ ఊళ్లో మనవాళ్లు ఉన్నట్టుండి అరవై కుటుంబాలను పిలిచి అన్నం పెట్టారంటే అర్థం ఒకటే. వీసా ముగిసింది, ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఇక మళ్లీ రారు. పాతికేళ్లలో ఆయన అలాంటి బిర్యానీలు వందకు తక్కువ తినలేదు. ప్రతిసారీ పెట్టెలే ముందు మెట్లెక్కాయి.

అనుమానం ఏమైనా మిగిలి ఉంటే సాబేరా పంపిన వాట్సాప్ దాన్ని తీర్చేసింది. ఓటు మాట రాకూడదని ఆమె జాగ్రత్తగా రాసింది. "మా పాప ఖుష్బూ పుట్టినరోజు సందర్భంగా రేపు అందరం కలుసుకుందాం. ఇన్నేళ్లు మీరు మా మీద చూపించిన అభిమానం మరువలేము. ఈ రోజు మా కుటుంబానికి చాలా ముఖ్యమైనది. తప్పక రండి. మీ దీవెనలే మాకు కావాలి."

ఆ మెసేజి చదివి విశ్వనాథం గారి భార్య కామేశ్వరి కళ్లజోడు తీసి తుడుచుకుంది. వాళ్ల అమ్మాయి నమ్రత, ఖుష్బూ ఒకే తరగతి. "ఆ పిల్ల పుట్టినరోజు నవంబర్లో కదండీ. మనం వెళ్లి కేకు కూడా తిన్నాం. ఏప్రిల్లో మళ్లీ పుట్టడం ఏవిటి?" అంది. అప్పుడే బుచ్చన్న ఫోన్ వచ్చింది. బుచ్చన్న ఆ పొద్దున నలుగురికే ఫోన్ చేశాడు. ఎవరికీ చెప్పొద్దని నలుగురికీ మరీ మరీ చెప్పాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు ఆ మాట దమ్మాం దాకా పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఇస్తిరాహా నిండిపోయింది. అరవై కుటుంబాలను పిలిస్తే డెబ్బై ఐదు వచ్చాయి. సాబేరా ముఖం వెలిగిపోతోంది. "సూడు, పిల్వనోళ్లు గూడా వస్తాండారు! గెలిచినట్టే!" అని దిలావర్ చెవిలో అంది. దిలావర్ జేబులో బస్సు కాగితం ఉంది. దాన్ని మాటిమాటికీ తడుముకుంటున్నాడు. ఇంతమంది తన కోసం రావడం అతను ఎన్నడూ చూడలేదు. పెళ్లికి కూడా రాలేదు.

వచ్చినవాళ్లు అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని వదలకుండా ఊపుతున్నారు. కొందరు భుజం తడుతున్నారు. ఒకాయన, "ధైర్యంగా ఉండండి, ఎక్కడైనా బతకొచ్చు," అన్నాడు. పోటీ గురించి అంటున్నాడేమో అనుకుని దిలావర్, "అంతా మీ దయ," అన్నాడు.

ముందుగా తేడా కనిపెట్టింది ఖుష్బూ. వచ్చిన బహుమతులు ఒక మూల చేర్చి రంగు కాగితాలు చింపుతోంది. మొదటి దాంట్లో రెండు కిలోల ఖర్జూరాలున్నాయి. రెండో దాంట్లోనూ ఖర్జూరాలే. మూడో దాంట్లో పాలపొడి డబ్బా, నాలుగో దాంట్లో నొప్పులకు రాసుకునే బామ్ డజను సీసాలు, ఐదోది చక్రాల సూట్‌కేసు.

"అమ్మీ, నాకు బామ్ ఎందుకు ఇచ్చినారు? నాకేం నొప్పి?" అని పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

సాబేరా ఆ బామ్ సీసా చేత్తో పట్టుకుని చూస్తూ ఉండగానే కామేశ్వరి ఆమెను పక్కకు లాగింది.

"సాబేరా గారూ, మీ రెండు తలుపుల ఫ్రిజ్ ఎవరికీ మాటివ్వలేదు కదా? వెళ్లేముందు నాకే ఇవ్వాలి. మా అమ్మాయి ఎప్పటినుంచో దాని మీద మనసు పడిందండీ."

"యాడికి పోయేముందు అక్కా?"

కామేశ్వరి ఆమె చెంప నిమిరింది. "నాకు తెలుసులేమ్మా. చెప్పుకోలేని కష్టాలు ఎన్నో ఉంటాయి. నేను అడగను, మీరు చెప్పొద్దు. ఫ్రిజ్ మాత్రం గుర్తుంచుకోండి."

సాబేరా బిర్యానీ గిన్నెల వెనక్కి పరుగెత్తింది. దిలావర్ అప్పటికే అక్కడ ఉన్నాడు. అతని చేతిలో బుచ్చన్న కాటా ఉంది.

"బుచ్చన్న ఇచ్చినాడు," అన్నాడు దిలావర్ నీరసంగా. "పెట్టె ముప్పై కిలోలు దాటొద్దంట. కారు కొంటానంటాండు. మనం పోతాండామంట సాబేరా! ఫైనల్ ఎగ్జిట్ అంట! ఊరంతా అదే మాట!"

"ఎవురన్నారు?"

"మన బిర్యానీనే అన్నెట్లుంది."

"ఇప్పుడే పోయి చెప్పు, మేము యాడికీ పోల్యా, ఇది పుట్టినరోజు అని!"

"చెప్పినా. నవంబర్లో మనింట్లో కేకు తిన్నోళ్లే అందరూ. నవ్వి నా వీపు తట్టినారు."

ఇంతలో హాలు గుమ్మం దగ్గర సందడి లేచింది. లోపలికి వస్తున్న మనిషిని చూసి ఇద్దరూ గిన్నెల వెనక్కి ఇంకాస్త జరిగారు. ఆమె ప్రేమలత మేడమ్. బడిలో చిన్న తరగతుల హెడ్‌మిస్ట్రెస్. రేపటి పోలింగుకు ఎన్నికల అధికారి కూడా ఆమే.

"ఈయమ్మను ఎవురు పిల్చినారు?" అంది సాబేరా.

"నేనే అమ్మీ," అంది ఖుష్బూ వెనకనుంచి. "నిన్న బడిలో కార్డు నేనే బొమ్మ గీసి ఇచ్చినా."

ప్రేమలత మేడమ్ పిల్లకు రంగు పెన్సిళ్ల పెట్టె ఇచ్చి, నేరుగా దిలావర్ దగ్గరికి వచ్చింది. ముఖంలో నవ్వు లేదు. "దిలావర్ గారూ, పొద్దున్నుంచి నాకు మూడు ఫోన్లు వచ్చాయి. పోలింగు ముందురోజు అభ్యర్థి విందు ఇస్తున్నాడని. పాప కార్డు ఇచ్చిందని వచ్చాను కానీ, అడగక తప్పదు. ఇది నిజంగా ఏమిటి?"

దిలావర్ నోరు తెరిచాడు. అతనికి బదులు బుచ్చన్న ముందుకొచ్చాడు.

"మేడం, గీ ఓట్లు గీట్లు ఏం లేవు. ఆయన గురించి గట్ల అనకుండ్రి. పాపం, పోతున్నడు. ఎగ్జిట్ పడ్డది. పోయేటోడు ఓట్లు ఏం జేసుకుంటడు?"

చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నట్టు తలలూపారు. ప్రేమలత మేడమ్ ముఖం ఒక్కసారిగా మెత్తబడింది. "అయ్యో! నాకు తెలియదండీ. క్షమించండి. నామినేషన్ వెనక్కి తీసుకునే గడువు కూడా అయిపోయింది. పేరు రేపు కాగితం మీద ఉంటుంది, ఏమీ అనుకోకండి," అంది. ప్లేటు తీసుకుని కూర్చుంది.

దిలావర్, సాబేరా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోవడం లేదని ఇప్పుడు అరిచి చెబితే ఇది ఓట్ల విందు అవుతుంది. పేరు కొట్టేస్తారు. ఊరుకుంటే పోయేవాడికి ఎవరూ ఓటేయరు. బస్సు రెండు దారుల్లోనూ పోయింది.

తిన్న తర్వాత మైకు పెట్టారు. "దిలావర్ గారు రెండు మాటలు మాట్లాడాలి," అని ఎవరో కేక వేశారు. అతను లేచి నిలబడ్డాడు. చెయ్యి అలవాటుగా జేబులోని కాగితం మీదికి పోయింది. ఎదురుగా ప్రేమలత మేడమ్ కూర్చుని ఉంది. కాగితం జేబులోనే ఉండిపోయింది.

"మా ఖుష్బూ..." అన్నాడు. "బడి కాడ... ఎండలో నిలబడి..." పదమూడు రోజుల తర్వాత ఖాళీ ఫ్లాటు కళ్ల ముందు కదిలింది. "నాకు వాళ్లను వదిలి ఉండేదానికి కాదు," అని కూలబడ్డాడు.

అందరూ ఆ 'వాళ్లు' తామే అనుకున్నారు. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. మగవాళ్లు చప్పట్లు కొట్టారు. విశ్వనాథం గారు లేచి, తెలుగు సంఘం సభ కోసం దాచి ఉంచిన శాలువా తీసి దిలావర్ భుజాల మీద కప్పారు. "ఇలాంటి మనిషిని పోగొట్టుకుంటున్నామండీ!" అని మైకులో పావుగంట మాట్లాడారు. దిలావర్‌తో ఆయన అంతవరకు నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. చివర్లో చెవి దగ్గర వంగి, "ఆ బస్సు గురించి మీరు ఆఫీసులో అర్జీ పెట్టారట కదా. మీరు వెళ్లిపోయినా నేను గుర్తుంచుకుంటానండీ," అన్నారు. అదేమీ ఊరికే అన్న మాటలా లేదు. దిలావర్‌కు నిజంగానే కళ్లు చెమర్చాయి.

ఆఖరున కాషిఫ్ వచ్చాడు, చంకలో పెద్ద రజాయి. "భాయ్, హమే బతాయా భీ నహీ? మాకు ఒక్క మాటైనా చెప్పలేదే! సామాన్లు సర్దాలన్నప్పుడే నాకు అర్థం కావలసింది. ముదీర్‌కు నేనే చెప్పాను. ఫికర్ మత్ కరో, రేపే కొత్త స్టోర్‌కీపర్ వస్తున్నాడు."

దిలావర్ రజాయి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పొద్దున లేచినప్పుడు అతనికి బస్సు ఒక్కటే లేదు. సాయంత్రం అసర్ నమాజు వేళకు ఉద్యోగం కూడా పోయింది.

ఇంటికి వచ్చేసరికి ఇల్లు కూడా సగం పోయి ఉంది. తలుపు మీద "అద్దెకివ్వబడును" అని అరబ్బీలో బోర్డు వేలాడుతోంది. బిల్డింగు హారిస్, అంటే వాచ్‌మన్, ఒక కొత్త కుటుంబానికి తలుపు బయటినుంచే గదులు ఎక్కడెక్కడ ఉన్నాయో చేతులతో చూపిస్తున్నాడు. ఆ ఇంటావిడ సాబేరాను చూసి, "కర్టెన్లు ఉంచేసి పోతారా, తీసుకెళ్తారా?" అని అడిగింది.

సాబేరా లోపలికి పోయి తలుపు వేసుకుంది. "పాడు బిర్యానీ," అంది. "ఉప్పు గూడా తక్కువైంది."

శనివారం పొద్దున బడి హాల్లో పోలింగు. తల్లికొక ఓటు, తండ్రికొక ఓటు. దిలావర్ వరుసలో నిలబడి ఉండగానే ఫోన్ మోగింది. కాషిఫ్. "భాయ్, రెండు టన్నుల కంప్రెసర్లు ఎక్కడున్నాయి?"

"కిటికీ కింద, నీలం షీటు వెనక."

ఐదు నిమిషాలకు మళ్లీ. "గ్యాసు సిలిండర్లు?"

"బాత్‌రూం పక్కన సందులో. ఎర్ర టేపున్నవి ఖాళీవి, టేపు లేనివి నిండినవి."

"రాసి ఎందుకు పెట్టలేదు?"

"ఎవురూ అడగలేదు భాయ్."

ఆ స్టోర్‌లో సామాను ఎక్కడుందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. పదకొండేళ్లుగా అంతా దిలావర్ తలలోనే ఉంది. బ్యాలెట్ కాగితం చేతికి వచ్చేలోపు తొమ్మిదిసార్లు ఫోన్ మోగింది. తెర వెనక్కి వెళ్లి పేర్లు చూశాడు. పైన తన పేరు, కింద విశ్వనాథం గారి పేరు. తనకెలాగూ పడవు. ఆయన శాలువా కప్పారు, బస్సు గుర్తుంచుకుంటానన్నారు. మర్యాద ఉండాలి కదా. దిలావర్ విశ్వనాథం గారికి ముద్ర వేసి, సాబేరాకు కనబడకుండా మడిచి పెట్టెలో వేశాడు.

పదకొండున్నరకు ఫోన్లో కాషిఫ్ గొంతుకు బదులు ముదీర్ గొంతు వినబడింది. మనిషి ఒగరుస్తున్నాడు. కొత్తవాడు తొందరలో ఎర్ర టేపు సిలిండర్లన్నీ లారీకెక్కించి జుబైల్ పంపేశాడట. అక్కడ ఆసుపత్రి పని ఆగిపోయిందట. "దిలావర్, విను. నీకు ఎగ్జిట్ ఇవ్వను. సంతకం పెట్టను. ఎక్కడికీ పోవడానికి వీల్లేదు. ఖలాస్!"

అడగని ఎగ్జిట్‌ను ముదీర్ అంత గట్టిగా కాదన్నందుకు దిలావర్ మూడుసార్లు శుక్రియా చెప్పాడు.

పన్నెండింటికి లెక్కింపు ముగిసింది. ప్రేమలత మేడమ్ కాగితం పట్టుకుని నిలబడింది. ఒకసారి చదువుకుంది. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చదువుకుంది.

"పోలైన ఓట్లు రెండువందల పద్నాలుగు. చెల్లనివి మూడు. విశ్వనాథం గారికి ఇరవై నాలుగు." ఆగింది. "దిలావర్ గారికి నూట ఎనభై ఏడు."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"నేనొక్కడినే వేశాననుకున్నానండీ," అన్నాడు ముందు వరుసలో ఒకాయన. "పోయేవాడు కదా, ఒక్క ఓటు కూడా లేకుండా పోతే మనసు కష్టపడుతుందని."

"నేనూ అందుకే."

"మా ఆవిడా అంతే."

విశ్వనాథం గారు గొంతు సవరించుకున్నారు. "దాచడమెందుకూ, నేనూ ఆయనకే వేశాను. నేనెలాగూ గెలుస్తాను కదా అని."

కామేశ్వరి గిర్రున తిరిగింది. "మీరూనా?"

"మీరూనా అంటే? నువ్వు?"

కామేశ్వరి బ్యాగులో ఏదో వెతుక్కోసాగింది.

ప్రేమలత మేడమ్ బల్ల మీద తట్టింది. "నిశ్శబ్దం. గెలిచినవారు కనీసం ఏడాదిపాటు ఇక్కడే ఉంటామని సంతకం చేయాలి. దిలావర్ గారు వెళ్లిపోతున్నారు కాబట్టి, నియమం ప్రకారం విశ్వనాథం గారిని..."

"నేను యాడికీ పోల్యా మేడమ్!"

దిలావర్ గొంతు అంత గట్టిగా ఉంటుందని అతనికే తెలియదు. అందరూ తలలు తిప్పారు. సాబేరా లేచి అతని పక్కన నిలబడింది.

"మాకు ఎగ్జిట్ పళ్లేదు. నేను పోతానని ఎవురికీ చెప్పలేదు. అందరూ మీరే అనుకున్నారు. నా నౌకరీ ఉంది, ముదీర్ ఇప్పుడే చెప్పినాడు, యాడికీ పోవద్దని. సంతకం యాడ పెట్టాల్నో చూపించండి."

అందరికన్నా ముందు కామేశ్వరి గొంతు వినబడింది. "మరి ఫ్రిజ్?"

ప్రేమలత మేడమ్ ముఖం మళ్లీ నిన్నటి గుమ్మం దగ్గరి ముఖమైంది. "వెళ్లడం లేదా? అయితే నిన్న ఆ విందు ఏమిటి? అంతమందికి భోజనం ఎందుకు పెట్టినట్టు?"

"పుట్టినరోజు మేడమ్. మా ఖుష్బూది."

"నవంబర్లో కదా!" అని వెనకనుంచి నాలుగైదు గొంతులు లేచాయి. కేకు తిన్న గొంతులవి.

ప్రేమలత మేడమ్ ఎవరి మాటా వినలేదు. పాతికేళ్ల ఉద్యోగంలో ఆమె నమ్మింది రిజిస్టరునొక్కదాన్నే. కంప్యూటరు ముందు కూర్చుని నాలుగో తరగతి బాలికల పట్టీ తీసింది. వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చింది. సాబేరా దిలావర్ మోచేయి గట్టిగా పట్టుకుంది.

"ఖుష్బూ, తండ్రి దిలావర్," అని చదివింది మేడమ్. "పుట్టిన తేదీ, ఏప్రిల్ పదిహేడు." కంప్యూటరు మూలనున్న తారీఖు చూసింది. మళ్లీ పట్టీ చూసింది. "నిన్ననే. రికార్డు ప్రకారం పుట్టినరోజే. అభ్యంతరం చెల్లదు."

"పిల్ల నిజంగా పుట్టింది..." అని ఎవరో మొదలుపెట్టారు.

"నిజంగా ఎప్పుడు పుట్టిందో బడికి అనవసరం," అంది ప్రేమలత మేడమ్. సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించింది.

హాలు ఒక్కసారిగా గోలెత్తింది. బుచ్చన్నకు ఓటు లేదు, అయినా గేటు బయట పొద్దున్నుంచీ నిలబడి ఉన్నాడు. లోపలికి దూసుకొచ్చి దిలావర్‌ను ఎత్తి కిందికి దించాడు. "గెల్చినవ్ తమ్మీ! నా నోటి పుణ్యమే!" అన్నాడు. ఆలోచిస్తే అది నిజమే. విశ్వనాథం గారు వచ్చి చెయ్యి కలిపారు. శాలువా వైపు ఒకసారి చూశారు కానీ, అడగలేదు.

ఆ వారంలోనే కమిటీ కూర్చుంది. దిలావర్ జేబులోంచి నలిగిన కాగితం తీసి చదివాడు. ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన బస్సు థుక్బా వీధిలోకి తిరిగింది. ఖుష్బూ ఎక్కి, వెనక అద్దంలోంచి చెయ్యి ఊపింది. ఆ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు స్టోర్ తలుపు తెరిచే ఉంది. కాషిఫ్ రెండుసార్లు వచ్చి చూసుకుని వెళ్లాడు. హారిస్ బోర్డు తీసేశాడు. బుచ్చన్న కాటా బుచ్చన్నకు చేరింది. నూట ఎనభై ఏడు ఓట్లే కదా, ఇంకా ఎక్కువ ఎందుకు రాలేదని సాబేరా అప్పుడప్పుడు ఆలోచిస్తూ ఉంటుంది. ఆ సమయంలో దిలావర్ ఇంట్లో ఉండడు.

సెప్టెంబరులో కమిటీలో ఇంకో సీటు ఖాళీ పడింది. నామినేషన్ వేసిన మర్నాడు విశ్వనాథం గారు ఆరు ఖాళీ అట్టపెట్టెలు, ఒక తాళ్ల చుట్ట పట్టుకుని, తన బిల్డింగులో లిఫ్టు చక్కగా పనిచేస్తున్నా, నెమ్మదిగా మెట్లెక్కుతూ అందరికీ కనబడ్డారు.